బోర్లా పడుకుని తీసిన ఫొటోలు

నేల మీద పెట్టిన ఫోను ఒక్కసారి వణికి వెలిగింది. "ట్రాము ఎక్కాను. కవరు అంటించినట్టే ఉంది. నేను చూడలేదు, ఒట్టు" అని మినెకో భర్త కెన్సకు పంపాడు. చూడలేదట, ఎవరు నమ్ముతారు, ఆవిరి మీద ఉన్న చేపల వడ గట్టిపడిందో లేదో చూడడానికి పది సార్లు మూత తీసే మనిషి, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఏ పొట్లం విప్పకుండా ఇంటికి తెచ్చాడు గనక, అయినా ఒట్టు పెట్టాడు కాబట్టి నమ్మాలి, నమ్మకపోతే మాత్రం ఏం చేస్తుంది, మంచం మీద బోర్లా పడుకుని, మంచం చివర బయటికి చాచిన గుండ్రటి దిండులో ముఖం దూర్చి, వారం నుంచీ నేల తప్ప మరేదీ చూడని మనిషి. కుడి కంటి మీద కప్పు ఉంది. ఆ కంటి వెనకాల పొర ఊడింది, కోసి లోపల గాలి బుడగ పెట్టారు, బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది కాబట్టి తల కిందికి పెట్టుకుంటే అది వెళ్ళి పొరని గోడకి అదిమి పట్టుకుంటుందట, అంటుకునే దాకా తినడానికైనా స్నానాల గదికైనా తల వంచుకునే నడవాలి. ఎడమ కన్ను బాగానే ఉంది, ఆ ఒక్క కంటికీ ఈ లేతాకుపచ్చ నేల మీద నల్ల చుక్కలన్నీ కంఠతా వచ్చేశాయి. ఇప్పుడు ఆ చుక్కల మీదికి ఫొటోలు వస్తున్నాయి. రీలు నిండా ఫొటోలు, తను తీసినవి, పక్క మంచం పిన్ని తీసినవి, ఎవ్వరూ ఇంతవరకు చూడనివి.

కెన్సకు ఎక్కింది కంకోదొరి స్టాపులో అయి ఉంటుంది, బజారు వీధి మలుపులో ఉన్న ఆ ఫొటో కొట్టు నుంచి అదే దగ్గర, కొట్టు ముసలాయన వారానికి రెండుసార్లే రీళ్ళు కడిగే మందు కలుపుతాడు, మొన్న ఇచ్చిన రీలు నిన్న కడిగి ఇవాళ అచ్చు తీసి ఉంటాడు. అక్కడి నుంచి ఈ ఆసుపత్రి కొండ కిందున్న చివరి స్టాపు హోతరుజయా దాకా రావాలి. మినెకోకి ఆ దారి చూడక్కర్లేదు, పందొమ్మిదేళ్ళుగా నడిపిన దారి, ఇప్పుడూ దిండులో ముఖం పెట్టుకునే నడుపుతోంది, ఎడమ చేతి కింద దుప్పటి మడత వేగం పిడి, కుడి చేతి కింద మంచం అంచు బ్రేకు, పాదం కింద గంట. తలుపులు మూసుకున్నాయి. కదులు. కళ్ళద్దాల వంతెన స్టాపు, ఆ పేరు తలుచుకుంటే ఈ వారంలో ఎన్నిసార్లు నవ్వొచ్చిందో, అక్కడ బడిపిల్లలు దిగుతారు, దిగే ముందు అంతా చిల్లర వెతుక్కుంటారు, త్వరగా పిల్లలూ, వెనక ఒకాయన చేతిలో కవరుంది. తరవాత నగర కార్యాలయం దగ్గర పట్టాలు చీలేచోట సిగ్నలు. ఇవాళ బండి మీద ఎవరున్నారో, కురోకి అయితే అయిపోయినట్టే, పచ్చ దీపం మీదికి కూడా సందేహంగా వెళ్ళే మనిషి, అతని వెనక ఎన్నిసార్లు తన బండి ఆగిందో, పోనీవయ్యా, నీ ముందు ఏమీ లేదు, పోనీ. దుప్పటి మడతని ఒక గీత ముందుకి తోసింది. ఆ సిగ్నలు దగ్గరే కదూ మొదట కనబడింది, కుడి కంటి మూల నుంచి నల్లటి తెర దిగుతున్నట్టు, కిటికీ పరదా కిందికి లాగుతున్నారేమో అనుకుని చెయ్యి ఎత్తి తుడిచింది, తెర పోలేదు, ఎడమ కంటితో నెమ్మదిగా చివరిదాకా నడిపి, బండి డిపోలో పెట్టి, దిగి, మేస్త్రీతో "నా కంట్లో ఏదో అయిందండి" అని టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

ఆ రోజు కూడా కోటు జేబులో కెమెరా ఉంది. అరచేతిలో ఇమిడిపోయే నల్లటి సబ్బుబిళ్ళ లాంటిది, ముందు మూత పక్కకి జరిపితే తెరుచుకుంటుంది, నొక్కితే చిన్న మోటారు జుయ్యిమని రీలుని తర్వాతి ఫొటోకి లాగేసుకుంటుంది. బండి ఎక్కే ముందు ఫోన్లన్నీ డిపోలో అరలో పెట్టి తాళం వెయ్యాలి, అది నియమం. కెమెరా సంగతి ఎవరూ అడగలేదు, చివరి స్టాపులో బండి వెనక్కి తిప్పే లోపు టీ తాగినట్టుగా ఏదో ఒకటి తీసేది, వాన నీళ్ళలో పట్టాలు, సీటు మీద ఎవరో మరిచిపోయిన ముల్లంగి కట్ట, నిద్రపోయి చివరిదాకా వచ్చేసిన తాత. తీసినదాన్ని చూడడం కుదరదు, అందుకే మళ్ళీ బండి ఎక్కగానే మనసు దారి మీదికి వచ్చేసేది, ఫొటో దాని మానాన అది చీకట్లో ఉండేది, రీలు నిండేసరికి నెలో రెండు నెలలో, కవరు విప్పినప్పుడు ముల్లంగి కట్ట కొత్తగా పలకరించేది. ఆసుపత్రికి వస్తూ సంచీలో బట్టల మధ్య దాన్ని కూడా పడేసింది. ఎందుకు పడేసిందో తనకే తెలియదు, కన్ను కోయించుకోడానికి వెళుతూ కెమెరా ఏమిటని కెన్సకు నవ్వాడు.

నర్సు మొమొకా కూడా నవ్వింది, కానీ పాపం మంచి పిల్ల, మొదటిరోజే "మినెకో గారూ, కిటికీ చూస్తారా" అని తన ఫోనుని కిటికీ వైపు తిప్పి ఫొటో తీసి దిండు కిందికి చాపింది. కొండ మీద మెట్లుమెట్లుగా ఇళ్ళు, ఆరేసిన దుప్పట్లు, అన్నీ ఎంత స్పష్టంగా ఉన్నాయో, కిటికీ తెరిచినట్టే ఉంది. చూసింది. చూడడం అయిపోయింది. ఆ తర్వాత సాయంత్రం దాకా మళ్ళీ నేల. కెన్సకు కూడా తన వడల కొట్లో నుంచి వేడివేడి చేపల వడల ఫొటోలు పంపుతూనే ఉన్నాడు, వచ్చినవి వచ్చినట్టే చూసేసేది, ఆకలి మిగిలేది. రెండోరోజు మాత్రం చెయ్యి వెనక్కి మడిచి, కెమెరాని వీపు మీదుగా కిటికీ వైపు ఎత్తి, తనకి కనబడని దాన్ని నొక్కింది, జుయ్యిమంది, అంతే, ఆ రోజంతా ఏదో పొయ్యి మీద పెట్టి వచ్చిన మనిషిలాగా లోపల ఒకటే హుషారు, ఏం పడిందో, ఆకాశం పడిందో, కర్టెన్ కమ్మీ పడిందో. మొమొకాకి చెబితే తన తాళాలగుత్తికి వేలాడే బొటనవేలంత కెమెరా చూపించింది, అందులో రీలు ఉండదట, ఫొటోలు మాత్రం పాత రీలు ఫొటోల్లాగే మసగ్గా పడతాయట, అదే సరదా అట. వాళ్ళ అబ్బాయి, అంటే పెళ్ళి చేసుకోబోయేవాడు, కొత్తగా వచ్చిన రీలు కెమెరా కొన్నాడట, ఒక్క ఫొటో చోట రెండు పడతాయట, ఎంతకీ రీలు అవ్వక, కొండెక్కినప్పుడు తీసిన ఫొటోలు ఎప్పుడు చూస్తామా అని ఇద్దరూ పోట్లాడుకుంటున్నారట. "పోట్లాడుకోండి, బాగుంటుంది" అంది మినెకో నేలకేసి.

సువా గుడి స్టాపు దాటి ఉంటుంది. షిందైకుమాచి. అక్కడ సంచులతో ముసలమ్మలు ఎక్కుతారు, కాస్త ఆలస్యం, పరవాలేదు.

పక్క మంచం మీద దిండులో నుంచే తొషియే పిన్ని "ఏటే ట్రాము పిల్లా, ఎంతవరకు వొచ్చింది నీ బండి" అంది.

"షిందైకుమాచి, పిన్నీ. సంచులు ఎక్కుతున్నాయి."

"ఆళ్ళని దింపేసి రమ్మను."

ఇద్దరూ నవ్వారు, ఇద్దరి నవ్వూ నేలకి తగిలి వెనక్కొచ్చింది. ఇంతవరకు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మినెకోకి తెలిసిన తొషియే పిన్ని అంటే ఒక గొంతు, అరిగిన ఊదారంగు చెప్పులు, తల వంచుకుని వెళుతున్నప్పుడు గోడ పట్టుకునే, నరాలు తేలిన చెయ్యి. గోతొ దీవుల మనిషి, ఎండు చేపలు అమ్మేది, ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది, ఉన్న ఒక్క కుడి కంటికీ ఇప్పుడు ఇదే గతి పట్టింది, అందులోనూ బుడగే, కాబట్టి వెలుతురు తప్ప ఆమెకి ఏమీ కనబడదు. అయినా ఏడవదు, వచ్చిన రోజే "నువ్వు నేల చూసి సెప్పు, నేను చప్పుళ్ళు విని సెప్తాను, ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అంది. ఆమె మాటలో దీవి యాస వింటే ముచ్చటగా ఉంటుంది, ఆమె కొడుకు టకుజి మాటలో అది లేదు, అతను నగర కార్యాలయంలో గుమస్తా, రోజూ మధ్యాహ్నం వస్తాడు, నున్నగా పాలిష్ చేసిన నల్ల బూట్లు, "డాక్టరు గారు అంతా బావుందన్నారమ్మా" అని రోజూ ఒకే రకంగా చెబుతాడు. ఆ నల్ల బూట్ల పక్కన రెండో రోజు నుంచీ ఇంకో జత కూడా వస్తోంది. నీలం గుడ్డ బూట్లు, చిన్నవి, ఆడమనిషివి, ఒక బూటు కొన మీద చేప పొలుసు ఎండి అంటుకుని తళుక్కుమంటుంది. ఆ బూట్లు వస్తాయి, నిలబడతాయి, మాట్లాడవు. టకుజి మాట్లాడినంతసేపూ ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడి, అతనితోపాటే వెళ్ళిపోతాయి. పిన్నికి ఇది తెలుసా, తెలియదు, ఎలా తెలుస్తుంది. మినెకో చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చి ఆగింది, టకుజికి నలభై దగ్గరపడుతున్నా పెళ్ళి కాలేదని పిన్ని వాపోయింది కదా, ఇంకేముంది, పిల్లని తీసుకొస్తున్నాడు, అమ్మకి కళ్ళొచ్చాక చూపిద్దామని, లేదా ముందు అమ్మ గొంతు అలవాటు చేద్దామని, చేపల రేవులో పనిచేసే పిల్లేమో, దీవి అత్తగారికి దీటైన కోడలే. మినెకో మనసులో ఆ పెళ్ళి అయిపోయింది, విందులో చేపల వడలు కెన్సకు పంపాడు కూడా.

అందుకే మూడో రోజు పిన్ని "ఆ జుయ్యిమనేది ఏటి, ఓపాలి నా సేతికియ్యి" అన్నప్పుడు ప్రాణం లేచొచ్చింది. మూత జరపడం, నొక్కడం చెప్పి, కెమెరాని నేల మీద జార్చి ఆమె మంచం వైపు తోసింది. "పిన్నీ, ఏం పడిందో మనకి తెలియదు, కొట్లో కడిగి తెచ్చేదాకా" అని హెచ్చరించింది. తొషియే పిన్ని కాసేపు దాన్ని తడిమి "నీకూ తెల్దు, నాకూ తెల్దు. అయితే సమానమే" అంది. ఆ మాట మినెకో లోపల ఎక్కడో కూచుండిపోయింది. ఆ మధ్యాహ్నం కొడుకు రాగానే ఆమె బోర్లా పడుకునే, చెయ్యి భుజం మీదుగా వెనక్కి పెట్టి నొక్కింది, గదంతా ఒక్క మెరుపు. "ఏంటమ్మా అది" అని టకుజి అదిరిపడ్డాడు. "నీ ఫొటో తీస్తున్నాన్రా. బావుందంటావు గదా రోజూ, బావున్న మొకం ఎలగుంటదో కళ్ళొచ్చాక సూద్దారని." టకుజి నవ్వి, "నేనిటున్నానమ్మా. నువ్వు అటు పెట్టావు" అన్నాడు. "అలగా" అని పిన్ని చెయ్యి తిప్పకుండానే ఇంకోసారి నొక్కింది. మర్నాడూ అంతే, అతను ఇటు అనడం, ఆమె అలగా అనడం, అటే నొక్కడం. పాపం, చప్పుళ్ళు విని చెబుతానన్న మనిషి చెవి తప్పుతోంది, గోడలన్నీ ఫొటో తీస్తోంది అని మినెకో బాధపడింది, కానీ అటువైపే నీలం బూట్లు ఉంటాయి కదా, కోడలు పొరపాటున పడినా పడి ఉంటుంది, పడి ఉంటే, కవరు విప్పి "పిన్నీ, మీకొక శుభవార్త" అని తనే చెబుతుంది. చివరిసారి నొక్కినప్పుడు మోటారు ఆగకుండా జుయ్యిమంటూ రీలంతా వెనక్కి చుట్టుకుంటుంటే పిన్ని భయపడి "సచ్చిపోయిందేటే" అంది. "లేదు పిన్నీ, నిండిపోయింది."

వచ్చేసింది. కిటికీలో నుంచి, కింద డిపో దగ్గర చివరి మలుపులో చక్రాలు పట్టాలని రాసుకునే కీచుమనే చప్పుడు, పాత బండి, ముందు బ్రేకు పట్టి, వదిలి, మళ్ళీ పట్టాడు, కురోకే, సందేహం లేదు, అయినా తెచ్చాడు. మినెకో కుడిచేత్తో మంచం అంచు గట్టిగా పట్టి ఆపింది. ఇప్పుడు తలుపులు. ఇప్పుడు వీధి దాటడం. ఇప్పుడు ఎత్తు, కెన్సకు మోకాలు మంచిది కాదు, మధ్యలో మందుల కొట్టు దగ్గర ఆగుతాడు, ఆగద్దు, లిఫ్టు, నడవా. ఒళ్ళంతా చెవులై ఉంది. కన్ను ఏమవుతుందో, మళ్ళీ ట్రాము ఇస్తారో ఇవ్వరో, సాయంత్రం డాక్టరు వచ్చి తల ఎత్తమంటాడో ఇంకో నాలుగు రోజులు అంటాడో, అవన్నీ ఉన్నాయి, అవి పోలేదు, కానీ వాటన్నిటికంటే ముందు ఒక కవరు వస్తోంది.

నూనె వాసనతో పాటు గోధుమరంగు చెప్పులు గుమ్మంలో ఆగాయి. కెన్సకు ఆయాసపడుతూ "తెచ్చానోయ్" అని నేల మీద చతికిలబడి, మంచం కిందికి సగం పాకి, ఆమె ముఖం కింద కవరు చింపాడు. ఆ చింపడం కూడా ఎంత నెమ్మదో. ఒక్కొక్కటే చుక్కల నేల మీద పరవసాగాడు, చేపల వడలు పళ్ళెంలో పేర్చినట్టు వరసగా.

మొదటిది ఆకాశం. వంకర ఆకాశం, మూలలో కర్టెన్ కమ్మీ. మినెకో గట్టిగా నవ్వేసింది. తర్వాత మొమొకా గడ్డం, సెలైన్ సీసాలో తలకిందులైన కిటికీ, దాని వెనక కొండ మీద ఇళ్ళు, ఒకటి పూర్తిగా నలుపు, అరచెయ్యి అడ్డం పెట్టుకుంది కాబోలు, ఒకదాంట్లో దుప్పటి కప్పుకుని పెద్ద గుట్టలాంటి వీపు. "పిన్నీ, మీ వీపు పడింది. ఇనసా కొండలాగా ఉంది." "ఏం తిన్నాననే, కొండలాగుండడానికి" అంది తొషియే పిన్ని, కానీ గొంతులో రోజూ ఉండే వెటకారం లేదు. "తర్వాత?"

తర్వాతవి పిన్నివి. కెన్సకు పెట్టాడు. మినెకో ఎడమ కన్ను చికిలించి చూసింది. ఒక ఆడమనిషి. ముప్పై దాటి ఉంటాయి, పొట్టి జుట్టు, మెడలో తువ్వాలు, ఎండకి కమిలిన బుగ్గలు, మెరుపు పడి కళ్ళు పెద్దవి చేసుకుని ఉంది. పక్కన టకుజి మోచెయ్యి. రెండోది, అదే మనిషి, సరిగ్గా నడిమధ్యన, పక్కన టకుజి టై చివర. మూడోది, నాలుగోది. కొలిచి పెట్టినట్టు నడిమధ్యన ఆ మనిషే, టకుజి చెవి, టకుజి భుజం, అంచులో ఎక్కడో. గోడ ఒక్కదాంట్లోనూ లేదు. మినెకో చెబుదామనుకున్న శుభవార్త నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది, ఎందుకంటే ఆమె టకుజి పెళ్ళాడబోయే పిల్లలా లేదు, అతని తోబుట్టువులా ఉంది, పక్కనున్న అతని చెవి ఎలా ఉందో ఆమె చెవీ అలాగే ఉంది.

"ఎవరోయ్ ఈ అమ్మాయి" అన్నాడు కెన్సకు మంచం కింద నుంచి.

"పిన్నీ," అంది మినెకో, "మీ అబ్బాయి ఎక్కడా సరిగ్గా పడలేదు."

"ఆడి మొకం నాకెందుకు, ముప్పై తొమ్మిదేళ్ళుగా సూత్తన్నాను." తర్వాత, నేలనే అడుగుతున్నట్టు, "సిక్కిపోయిందా?" అంది.

మినెకోకి అప్పుడు అర్థమయింది. చెవి తప్పలేదు. గొంతు వచ్చిన వైపు కాదు, గొంతు రాని వైపు పెట్టి నొక్కింది. "ఎలా తెలిసింది పిన్నీ?"

"ఎలగేటి. ఆడొక్కడే వొస్తే సబ్బు వాసన. రెండో రోజు గదిలోకి డీజిలూ, పచ్చి చేపల కంపూ వొచ్చాయి. ఆళ్ళ నాన్న బోటు వాసన నాకు తెల్దా. ఆయన్ని సముద్రం తీస్కపోయింది, ఈ నా కూతురేమో ఆ బోటే కావాలంది, ఆడపిల్లవి వొద్దన్నాను, తాళాలు తీస్కుని ఎల్లిపోయింది. నా కంటికి కనబడకు అన్నాను. ఆరేళ్ళు, కనబడ్లేదు. ఇప్పుడు కన్ను లేదని వొచ్చింది. మాటాడితే పోతదేమోనని నేనూ ఊరుకున్నాను." దిండులో నుంచి గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు. "సెప్పవే. సిక్కిందా?"

మినెకో ఒక్కొక్క ఫొటోనీ చూసింది, ఒక్క కంటితోనే, పట్టాల మీద ఏదో కదిలినట్టు అనిపించినప్పుడు ఎలా చూస్తుందో అలా, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి. "లేదు పిన్నీ. బలంగా ఉంది. భుజాలు ఇంత వెడల్పు. నల్లబడింది బాగా. గడ్డం మీద చిన్న గాటు ఉంది, పాతదే, మానిపోయింది. మొదటి ఫొటోలో అదిరిపడింది. రెండోదాంట్లో తల తిప్పుకుంది. ఆ తర్వాత అన్నిట్లోనూ మీ కెమెరాలోకే చూస్తోంది, తప్పుకోలేదు. ఆఖరిదాంట్లో," మినెకో ఆగింది, ఆఖరి ఫొటోలో ఆమె మోకాళ్ళ మీద కూచుని ముఖాన్ని కెమెరా ముందుకి తెచ్చేసింది, ముఖం తప్ప ఇంకేమీ పట్టలేదు, "ఆఖరిదాంట్లో మీకోసమే కూచుంది, పిన్నీ. నవ్వుతోంది. ముందు పళ్ళ మధ్య సందుంది."

"ఉంటది. నాకూ ఉంది" అంది తొషియే పిన్ని.

అంతలో నడవాలో అడుగులు వినబడ్డాయి. నల్ల బూట్లు, నీలం బూట్లు. కెన్సకు గబగబా ఫొటోలు ఏరబోతే మినెకో చేత్తో ఆపింది. "అంతా బావుందన్నారమ్మా" అని టకుజి మొదలుపెట్టాడు.

"నువ్వాగరా. ఫుజినో, అలగ వారం నుంచీ నిలబడతావేటి, కాళ్ళు లాగవా. కుర్చీ లాక్కుని కూచో. నా కంటికి కనబడొద్దన్నాను గాని కూచోవొద్దన్నానా."

టకుజి నల్ల బూట్లు ఒక అడుగు పక్కకి జరిగాయి. తర్వాత కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి, దగ్గరగా, ఇంకా దగ్గరగా, దిండుకి ఆనుకునేంత దగ్గరగా వచ్చి ఆగాయి. తల్లి గొంతే, కాస్త బొంగురుగా, అదే దీవి యాసతో, మినెకో వినడం ఇదే మొదటిసారి.

"నేను కనబడ్నేదు కదే అమ్మా. నువ్వే ఫొటో తీస్కున్నావు."

తొషియే పిన్ని నవ్వడం మొదలుపెట్టింది, మంచం మొత్తం కదిలేలా, గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చిన మొమొకా "తల ఎత్తకండి, బుడగ కదిలిపోతుంది" అని అరుస్తున్నా ఆగలేదు. నవ్వుతూనే, తల ఎత్తకుండానే, "బోటు ఇంజను ఎలగుందే" అని అడిగింది. ఫుజినో చెప్పసాగింది.